ఊపిరి వదిలే విద్య

ఒళ్లు బిగబట్టి, కీళ్లు విరుచుకుని చేసే యోగం జెట్టిల సాము కన్నా రవ్వంత తక్కువేనని వేమన ఏనాడో చురక వేశాడు. యోగం గిట్టనివాడెవడో అన్నాడులే అని తోసిపుచ్చడానికి వీల్లేదు, అన్నవాడు స్వయానా యోగి. ఆసనం దగ్గరే ఆగిపోయేవాడి మీద ఆయన గురి. పతంజలి యోగసూత్రాలు తిరగేసినా ఇదే ధోరణి కనిపిస్తుంది. దాదాపు 195 సూత్రాల్లో ఆసనం గురించి సూటిగా చెప్పినవి మూడంటే మూడు. వాటిలో ఒక్క ఆసనం పేరైనా లేదు. కదలకుండా, హాయిగా కూర్చోగలగాలి, ప్రయాస సడలిపోవాలి. అంతటితో ఆ ముచ్చట ముగించి ఆయన ప్రాణాయామంలోకి వెళ్లిపోతాడు.

ఇప్పుడు క్లాసుల్లో నేర్పే ఆసనాల్లో చాలా భాగం ఆ తర్వాత వచ్చి చేరినవే. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వివరించినవి 15, ఘేరండ సంహితలో 32. ఆ పదిహేనులోనూ కూర్చుని చేసేవే ఎక్కువ. సూర్యనమస్కారాలను అందరూ చేసే వ్యాయామంగా 1920లలో ప్రచారంలోకి తెచ్చింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి. 1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాల నుంచి బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ వంటి శిష్యులు బయటికొచ్చి ఆసనాలను ప్రపంచమంతా తిప్పారు. ప్రతి భంగిమా వేల ఏళ్ల నాటిదని మైకులో చెప్పేవాళ్లకు ఈ సంగతి అంతగా రుచించదు. దీనివల్ల యోగాకు పోయే పరువైతే ఏమీ లేదు. భంగిమలు మారుతూ వచ్చినా, ఊపిరికి ఇచ్చిన పెద్దపీట మాత్రం అలాగే ఉంది.

అదెలాగో సూర్యనమస్కారంలోనే చూడొచ్చు. చేతులు పైకెత్తి వెనక్కి వంగేటప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది కాబట్టి గాలి లోపలికి. ముందుకు వంగి చేతులు పాదాల దగ్గర ఆనించేటప్పుడు పొట్ట నొక్కుకుంటుంది కాబట్టి గాలి బయటికి. ఒక కాలు వెనక్కి చాపి తలెత్తితే మళ్లీ పీల్చడం, నడుము పైకి లేపి పర్వతాసనంలోకి వెళ్తే వదలడం. పాదాలు, మోకాళ్లు, అరచేతులు, ఛాతీ, గడ్డం నేలకు తాకే అష్టాంగ నమస్కారంలో ఊపిరి వదిలేసి ఒక్క క్షణం ఆగాలి. అక్కణ్నుంచి భుజంగాసనంలోకి లేస్తూ పీల్చాలి. మొత్తం 12 భంగిమల్లోనూ శరీరం తెరుచుకుంటే పీల్చడం, ముడుచుకుంటే వదలడం. రథసప్తమికి 108 పూర్తిచేశామని ఫోన్లో ఫొటోలు పంపుకునే వాళ్లలో ఎంతమంది ఈ లయతో చేశారో నాకు అనుమానమే. ఊపిరి బిగబట్టి గబగబా లాగించేస్తే అవి బస్కీలతో సమానం. బస్కీలు చెడ్డవని కాదు, కాకపోతే వాటికి సూర్యుణ్ని సాక్షిగా పిలవడం దేనికి?

ఎంతవరకు వంగాలన్నదానికి కూడా ఊపిరే కొలత. పశ్చిమోత్తానాసనంలో కాళ్లు చాపి ముందుకు వంగారనుకోండి. శ్వాస సాఫీగా నడిచినంత వరకూ మీరు మీ హద్దులో ఉన్నట్టే. అది తెగి తెగి వస్తున్నా, పళ్లు బిగుస్తున్నా రెండంగుళాలు వెనక్కి రావాలి. పక్కవాడి తల మోకాళ్లకు తగులుతోందన్నది మనకు అక్కర్లేని సమాచారం.

ఇంతకీ వదిలే ఊపిరిలో ఏముంది? గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండె మీదుగా పొట్టదాకా దిగే వేగస్ నాడి వేసే పగ్గమది. అందుకే నిశ్వాసాన్ని సాగదీసిన కొద్దీ గుండెకు నెమ్మదించే వ్యవధి ఎక్కువ దొరుకుతుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాం. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ముచ్చటైన అధ్యయనం ప్రచురించింది. లాటిన్‌లో మేరీమాత జపం చేసినా, బౌద్ధుల మంత్రం జపించినా శ్వాస నిమిషానికి ఆరు దగ్గరికి దిగుతోందని, రక్తపోటును సరిదిద్దే శరీర స్పందన మెరుగవుతోందని అందులో తేలింది. దేవుళ్లు వేరైనా ఊపిరి లెక్క ఒక్కటే అయింది.

భ్రామరి ప్రాణాయామం కిటుకు ఇక్కడే ఉంది. తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదలమంటారు. గొంతులో నాదం నిలవాలంటే గాలిని పొదుపుగా వాడాలి, దాంతో మనం లెక్కపెట్టకుండానే నిశ్వాసం సాగుతుంది. నాడీశోధనంలో కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చి, ఉంగరపు వేలితో ఎడమ మూసి కుడితో వదలాలి. మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదిలితే ఒక చుట్టు. దారి సగమే తెరిచి ఉంటే గాలి వేగంగా పారదు. కొత్తవాళ్లకు నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలడం చాలు. మధ్యలో బిగబట్టే కుంభకం జోలికి గురువు లేకుండా వెళ్లకపోవడం మంచిది, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అసలు వెళ్లొద్దు. సింహాన్నో ఏనుగునో మచ్చిక చేసుకున్నట్టు ఊపిరిని మెల్లమెల్లగా లొంగదీసుకోవాలని, తొందరపడితే సాధకుణ్నే బలి తీసుకుంటుందని హఠయోగ ప్రదీపికే హెచ్చరించింది.

ఆ హెచ్చరికను టీవీ వచ్చాక మరిచిపోయాం. పొద్దున్నే పార్కుల్లో పొట్టలు ఎగరేస్తూ కపాలభాతి చేసేవాళ్లు కనిపిస్తారు. పాత గ్రంథంలో అది ధౌతి, నేతి, నౌళి సరసన చేరిన షట్కర్మల్లో ఒకటి, అంటే శుద్ధిక్రియ. పొట్టను ఝాడించి గాలిని బయటికి నెట్టే ఈ పని గర్భిణులకు, హెర్నియా ఉన్నవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు పనికిరాదు. ఎవరికి ఏం ఉందో అడగకుండా వందమందితో ఒకేసారి చేయించేవాళ్లంటే నాకు భయం.

నడుమునొప్పి విషయంలో యోగాకు వైద్యుల మద్దతు కూడా ఉంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను చేర్చింది. మేలు ఓ మోస్తరుగా ఉంటుంది, అద్భుతాలేం జరగవు. షుగర్, బీపీ మాత్రలు మానేయమనే శిబిరాల నుంచి లేచి వచ్చేయడమే ఆరోగ్యం.

నేలమీద కూర్చోవడమే మానేశాం కదా అని వెనకాడేవాళ్లు ఉన్నారు. డైనింగ్ టేబుళ్లు, కమోడ్లు వచ్చాక గొంతుక్కూర్చోవడం యాభై దాటినవాళ్లకు గగనమైంది నిజమే. అయ్యంగార్ కథ వాళ్ల కోసమే. 1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి రోజుల్లో పుట్టి, చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతో తీసుకున్నవాడు. తర్వాత కుర్చీ, బెల్టు, చెక్క ఇటుక, దుప్పటి మడతలు ఆసరాగా పెట్టి ఎవరి ఒంటికి తగినట్టు వాళ్లు ఆసనం వేసే పద్ధతి తీర్చిదిద్దాడు. వెన్ను నిటారుగా ఉంటే కుర్చీలో కూర్చుని చేసిన భ్రామరికి ఫలితమేమీ తగ్గదు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు విశాఖ బీచ్ రోడ్డు నుంచి భోగాపురం వైపు సుమారు 3 లక్షల మంది యోగా చేశారు. అది రికార్డయిన సంగతి అందరికీ గుర్తుంది. ఆనాటి 45 నిమిషాల ఉమ్మడి కార్యక్రమంలో చివరి భాగం ప్రాణాయామం, ధ్యానమేనన్నది ఎందరికి గుర్తుందో! క్లాసుల్లోనూ అంతే, శవాసనం మొదలవగానే సగంమంది చాపలు చుట్టేస్తారు. హఠయోగ ప్రదీపికలోని ఆ పదిహేనులో శవాసనం ఒకటి, అలసట తీరుస్తుంది, మనసుకు విశ్రాంతినిస్తుంది అని దాని గుణం చెప్పారు. వెల్లకిలా పడుకుని, అరచేతులు పైకి పెట్టి, పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కొక్క భాగాన్ని వదులు చేస్తూ పోవాలి. నిద్ర పట్టేస్తే తప్పేం లేదు, నిద్ర తక్కువైందని ఒళ్లే చెప్పినట్టు. లేచేటప్పుడు మాత్రం ఒక్క ఉదుటున లేవకుండా పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి.