ఓమ్ గ్రంథము – మన పాఠములు

మన ఉన్నత పాఠశాలలలో విద్యుత్తును గురించి చెప్పునపుడు నల్లబల్లపై ఒక త్రిభుజమును గీయుట పరిపాటి. పైన వోల్టులు, క్రింద ఒక ప్రక్క ఆంపియరులు, రెండవ ప్రక్క ఓములు. కావలసినదానిని వ్రేలితో మూసినచో సూత్రము తేలును. ఇది ఓమ్ నియమమని విద్యార్థి వ్రాసికొనును, మార్కులును వచ్చును. ఓమ్ వ్రాసిన గ్రంథమునకును, ఈ త్రిభుజమునకును గల సంబంధమెంత? గ్రంథములోని గుణదోషములను పరిశీలించినచో మన పాఠములోని లోపము కూడ బయటపడును.

జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరమున పాఠశాలోపాధ్యాయుడు. గాల్వానిక్ వలయమును గణితరీత్యా వివేచించు గ్రంథమును 1827లో బెర్లిన్‌లో ప్రకటించెను. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ఉష్ణప్రసారమును గూర్చి వెలువరించిన సిద్ధాంతమే ఆయనకు మార్గదర్శి. ఉష్ణోగ్రతాభేదమువలన ఉష్ణము ప్రవహించునట్లే, విద్యుదుద్రేకములోని భేదమువలన విద్యుత్తు ప్రవహించునని ఆయన భావించెను. తీగ పొడవును దాని అడ్డుకోత వైశాల్యముతోను, వాహకత్వముతోను భాగించి, ఆ ఫలితమునకు ‘తగ్గించిన పొడవు’ అని పేరు పెట్టెను. మనము నేడు నిరోధమనునది ఇదియే. వలయములోని మొత్తము ఉద్రేకమును మొత్తము తగ్గించిన పొడవుతో భాగించినచో ప్రవాహము వచ్చును. ఘటము లోపలి నిరోధమును కూడ లెక్కలో చేర్చుట ఈ గ్రంథమునకు గల గొప్ప గుణము. మన త్రిభుజములో ఘటమునకు చోటే లేదు.

ఇక దోషము. ఓమ్ ఈ నియమమును తలపోసి కనుగొనలేదు, కొలిచి కనుగొనెను. మొదట వోల్టా ఘటములను వాడగా, వాటి బలము నిలుకడగా ఉండక కొలతలు చెడిపోయినవి. పొగెన్‌డార్ఫ్ సలహాపై 1826లో బిస్మతును, రాగిని జోడించిన ఉష్ణయుగ్మమును వాడెను. ఒక సంధిని మరుగునీటిలోను, రెండవదానిని కరగుచున్న మంచులోను ఉంచినందున ఉద్రేకము స్థిరముగా నిలిచెను. పొడవులు వేరువేరుగా గల ఎనిమిది రాగితీగలను ఒకదాని తరువాత ఒకటి వలయములో చేర్చి, వ్రేలాడదీసిన అయస్కాంతసూచి ఎంత మరలునో చూచెను. ఇంతటి చక్కని ప్రయోగమునకు మరుసటి యేటి గ్రంథములో దక్కిన చోటు చాల కొద్ది. కొన్ని ప్రతిపాదనలు, వాటినుండి పుట్టిన సమీకరణములు – ఇదియే గ్రంథస్వరూపము. చదువరులలో పలువురు దానిని కేవలము ఊహాగానముగా తలచిరనిన ఆశ్చర్యము లేదు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకముతో ఆయనను గౌరవించునప్పటికి 1841వ సంవత్సరము వచ్చెను.

ప్రయోగమును దాచి ఫలితమును మాత్రము చెప్పుట గ్రంథదోషమైనచో, అదే దోషము మన పాఠములో రెట్టింపైనది. వోల్టులను ఆంపియరులతో భాగించగా వచ్చునది నిరోధము. ఇది నిర్వచనము మాత్రమే. ఏ వస్తువుకైనను చెల్లును. ఆ భాగఫలము, ఉష్ణోగ్రత మారనంతవరకు, వోల్టులు ఎన్నియైనను మారదనుటయే ఓమ్ నియమము. ఇది లోహపు తీగలకు చెల్లును. అన్ని వస్తువులకు చెల్లదు. త్రిభుజము ఈ రెంటిని కలగాపులగము చేయుచున్నది.

ఒక లెక్క చూడుడు. 230 వోల్టుల, 60 వాట్టుల తంతుదీపమున్నది. వాట్టులను వోల్టులతో భాగించిన, ప్రవాహము 0.26 ఆంపియరు. వోల్టులను ఈ ప్రవాహముతో భాగించిన, నిరోధము సుమారు 882 ఓములు. అదే దీపమును ఆర్పి, చల్లారిన పిదప మీటరుతో కొలిచినచో 60, 70 ఓములకంటె ఎక్కువ చూపదు. 65 ఓములని తీసికొని, వోల్టుల వర్గమును దానితో భాగించినచో సామర్థ్యము 814 వాట్టులని వచ్చును! ఆ ప్రక్కనే 1000 వాట్టుల నిక్రోము హీటరును కొలిచినచో మీటరు 50 ఓములకు అటునిటుగా చూపును. మీటరు దృష్టిలో రెండును ఇంచుమించు సమానమే. కాని ఒకటి గదికి వెలుగునిచ్చు దీపము, రెండవది నీరు కాచు పరికరము.

తప్పు సూత్రములో లేదు. వెలుగుచున్న టంగ్‌స్టన్ తంతువు రెండువేల డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కి, దాని నిరోధము పదిరెట్లకు పైగా పెరుగును. నిక్రోము నిరోధము వేడికి స్వల్పముగానే మారును. ప్రవాహవర్గమును నిరోధముతో గుణించిన ఉష్ణము పుట్టు వేగము వచ్చునని జౌల్ 1841లో చూపెను. అందులో వాడవలసినది ప్రవాహమున్నప్పటి నిరోధమే గాని, చల్లారినప్పటిది కాదు. వోల్టులను ఆంపియరులతో గుణించి సామర్థ్యమును కట్టుట మాత్రము, ఏకముఖ ప్రవాహములో, ఎప్పుడును మోసగించదు. ఆ రెండును పని జరుగుచుండగా కొలిచినవి గదా!

కావున ఉపాధ్యాయులు త్రిభుజమునకు ముందు ఒక చిన్న ప్రయోగము చేయింతురుగాక. ఇంటి కరెంటు జోలికి పోవలదు. ఒకటిన్నర వోల్టు ఘటములు నాలుగు, ఆరు వోల్టుల సైకిలు దీపము, వోల్టుమీటరు, అమ్మీటరు చాలును. ఒక ఘటముతో మొదలుపెట్టి నాలుగింటివరకు పోవుచు రెండు మీటరుల అంకెలను వ్రాయించి, గ్రాఫు గీయించవలెను. దీపము గీత వంగిపోవును. దీపమునకు బదులు నిక్రోము తీగచుట్టను పెట్టినచో గీత తిన్నగా వచ్చును. ఘటములు పెరిగినను వోల్టుమీటరు పూర్తిగా ఆరు వోల్టులు ఎందుకు చూపలేదని ఒక బాలుడడిగినచో, ఘటము లోపలి నిరోధమును గూర్చి ఓమ్ చెప్పినదానిని అప్పుడు చెప్పవచ్చును.

ఓమ్ కొలిచెను గాని, కొలతను గ్రంథములో వెనుకకు నెట్టెను. ఆయన పేరు చెప్పుకొను మనము కొలతనే మానివేసితిమి. తిన్నని గీతను, వంగిన గీతను తన చేతితో గీచిన విద్యార్థికి ఏ అంకెను ఎక్కడ వాడవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.