తెలిసినంతే చెప్పే కమాండ్

ఇళ్ల నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చేవాళ్ల కోసం వీపీఎన్ సర్వర్ నడిపే అడ్మిన్‌కు రోజూ రెండు సంగతులు తెలియాలి. ఇప్పుడు లోపల ఎవరున్నారు, ఎంత డేటా నడుస్తోంది? వైర్‌గార్డ్ సర్వర్‌లో ఈ రెండింటికీ జవాబిచ్చేది "డబ్ల్యుజి షో" అనే చిన్న కమాండ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన వైర్‌గార్డ్ 2020 మార్చిలో 5.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. దాని కోడ్‌లోని పొదుపును చాలామంది మెచ్చుకున్నారు. ఈ కమాండ్ చూపించే నాలుగైదు వరుసల్లోనూ నాకు అదే పనితనం కనబడుతుంది.

ఒక్కో యూజర్‌కు ఒక పబ్లిక్ కీ, ప్యాకెట్లు వస్తున్న ఐపీ అడ్రసు, పోర్టు, ఆఖరి హ్యాండ్‌షేక్ ఎంతసేపటి క్రితం జరిగిందో, వచ్చినవెన్ని బైట్లు, వెళ్లినవెన్ని. "కనెక్టెడ్" అన్న మాట ఎక్కడా ఉండదు. వైర్‌గార్డ్ యూడీపీ మీద నడుస్తుంది. యూజర్ ల్యాప్‌టాప్ మూసేస్తే ఆ కబురు సర్వర్‌కు అందదు. అందని కబురును ఊహించి చూపించకుండా, ఆఖరుసారి రుజువైంది ఎప్పుడో చెప్పి ఊరుకుంటుంది. డేటా నడుస్తున్నంతసేపూ సుమారు 2 నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ జరుగుతుంది కాబట్టి, ఆ సమయం 3 నిమిషాలు దాటిందంటే అటువైపు నుంచి ప్రస్తుతం రాకపోకలు లేవన్నమాట.

అసలు అందం బైట్ల లెక్కలో ఉంది. హ్యాండ్‌షేక్ కోసం క్లయింట్ పంపే ప్యాకెట్ 148 బైట్లు. సర్వర్ జవాబు 92. పంపాల్సిన డేటా ఏదీ లేకపోతే, జవాబు అందిందని క్లయింట్ పంపే ఖాళీ ప్యాకెట్ 32. కొత్త యూజర్ దగ్గర 180 వచ్చాయి, 92 వెళ్లాయి అని కనబడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. అలాకాక 148, 92. తర్వాత 296, 184. ఆపైన 444, 276 అని పెరుగుతూ పోతుంటే, క్లయింట్ ప్యాకెట్లు ఇక్కడికి చేరుతున్నాయి, మన జవాబులే అక్కడికి చేరడం లేదు. దారిలోని ఫైర్‌వాల్‌ను చూసుకోవాలి. అప్పుడు హ్యాండ్‌షేక్ వరుస అసలు కనబడదు. సర్వర్ తన జవాబు తాను పంపేసినా, అవతలి నుంచి తొలి డేటా ప్యాకెట్ వచ్చేదాకా హ్యాండ్‌షేక్ పూర్తయినట్టు లెక్క వేసుకోదు.

మిగతా వివరాల్లోనూ ఇదే శ్రద్ధ. తాజాగా హ్యాండ్‌షేక్ చేసినవాళ్లు పైవరుసలో వస్తారు. ప్రైవేట్ కీ తెరమీద పడకుండా దాచి ఉంటుంది. యూజర్ వైఫై వదిలి మొబైల్ డేటాకు మారితే, కొత్త చోటు నుంచి సరైన ప్యాకెట్ రాగానే అడ్రసు మారిపోతుంది. స్క్రిప్టులు చదువుకోవడానికి వేరే రూపం ఉంది. అందులో సమయం సెకన్లలో, డేటా బైట్లలో ఉంటాయి. నిన్నటి లెక్కలు కావాలంటే ఆ అంకెలను మనమే ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి.

కనెక్ట్ కావడం లేదని ఎవరైనా ఫోన్ చేసినప్పుడు తప్పు ఏ వైపుందో తేల్చడమే మొదటి పని. రుజువు కానిదాన్ని జరిగినట్టు చూపించదు కాబట్టే, ఈ అంకెలను నమ్మి ధైర్యంగా తర్వాతి అడుగు వేయగలుగుతాం.