పొగ లేని పొగ – చట్టములోని ఒక లోపము

కల్లూరులోని హోటలైనను, కర్నూలులోని సినిమాహాలైనను సరే, గుమ్మమున 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పునకు తగ్గని "ఇచ్చట పొగ త్రాగుట నేరము" అను పలక ఉండవలెనని 2008 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఆ పలక క్రింద ఒకడు చుట్ట ముట్టించినచో 200 రూపాయల వరకు జరిమానా. అతడే విద్యుత్ సిగరెట్టు పీల్చినచో? దీనికి మన చట్టములు రెండును సూటిగా జవాబు చెప్పవు.

2003 నాటి చట్టము దృష్టిలో ధూమపానమనగా పొగాకును ఏ రూపముననైనను కాల్చి పీల్చుట. విద్యుత్ సిగరెట్టులో ఆకు లేదు, నిప్పు లేదు. బ్యాటరీ వేడిచేసిన తీగ ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్ కలిసిన ద్రవమును ఆవిరి చేయును. ఆ ఆవిరి వెంటనే చల్లబడి, తెల్లవారుజామున పొలముపై కనిపించు మంచువలె సూక్ష్మ బిందువులగును. నికోటిన్ పొగాకునుండి వచ్చినదే గదా యని ఒక వకీలు వాదింపవచ్చును. ఆకే లేదని మరొక వకీలు కాదనవచ్చును.

2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబరులో చట్టమైన రెండవదానిలో నిర్వచనము మెచ్చదగినది. నికోటిన్ ఉన్నను, లేకున్నను, వేడిచేసి పీల్చు ఈ సాధనములన్నియు అందులోనికి వచ్చును. తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన, నిలువచేయుట అన్నియు నిషిద్ధము. మొదటి తప్పునకే, అమ్మినవానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. కాని నలుగురున్న గదిలో పీల్చువానిని గూర్చి ఒక్క మాట లేదు. అమ్మకము లేనిచోట పీల్చువాడుండడని తలచిరి కాబోలు! దొంగచాటు సరకు సంగతి ఎరిగినవారెవరును అట్లు తలపరు.

ప్రక్కవానికి హాని కలదా? సిగరెట్టు రెండు పీల్పుల నడుమ కూడ కాలుచు పొగ విడుచును, ఇది విడువదు. కనుక గదిలో చేరు విషము తక్కువే. అయినను వదలిన ఊపిరిలో నికోటిన్, సూక్ష్మ కణములు ఉండును. ద్రవము మితిమీరి వేడెక్కినచో ఫార్మాల్డిహైడ్ పుట్టును. ఇది బీడీతో సమానమనుటయు, వట్టి నీటియావిరి యనుటయు రెండును శాస్త్రము కావు.

మనవారనేకులు నివసించు కాలిఫోర్నియాలో ఈ సాధనములను పెద్దవారికి అమ్మవచ్చును. అయినను 2016లో అచ్చటి శాసనకర్తలు "ధూమపానము" అను మాట నిర్వచనమునే సవరించి, పనిచేయు గదులలో దీనిని నిషేధించిరి. మనకు అమ్మకమే నేరము. గదిలో పీల్చుటపై మౌనము! 2019 చట్టములోని నిర్వచనమును 2003 చట్టములో చేర్చుటకు నాలుగు పంక్తుల సవరణ చాలును.

కళాశాల ఆవరణలో జరిమానా వసూలుచేయు అధికారము మావంటి అధ్యాపకులకును ఇచ్చిరి. చుట్టకైతే రసీదు వ్రాయగలము. ఈ సాధనమునకు ఏ సెక్షను క్రింద వ్రాయవలెనో చెప్పవలసినవారు శాసనకర్తలే.