ఏకపాత్రగా సోక్రటీసు విచారణ: ప్రేక్షకుడే న్యాయనిర్ణేత

వ్యాస సంగ్రహం:
ప్లేటో ‘అపాలజీ’ని ఏకపాత్రగా తెలుగు వేదికకు తెచ్చేటప్పుడు సంబోధన, భాష, ముగింపు అనే మూడు అంశాల్లో అనుసర్తకు ఎదురయ్యే సమస్యలను ఈ వ్యాసం చర్చిస్తుంది. సోక్రటీసును వీరుడిగా నిలబెట్టి, ప్రేక్షకుణ్ణి తీర్పు బాధ్యత నుంచి తప్పించే ప్రదర్శన మూలానికి దూరమవుతుందని ప్రతిపాదిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతపు యువ ప్రేక్షకులను దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన సాగింది.

కీలక పదాలు: సోక్రటీసు, అపాలజీ, ఏకపాత్రాభినయం, భాణం, ఆకాశభాషితం, సంబోధన.

1. ఉపోద్ఘాతం:
సోక్రటీసు ఎలా మరణించాడని తరగతిలో అడిగితే, విషం తాగి అని అందరూ ఒక్క గొంతుతో చెబుతారు. ఎందరు ఆయనను దోషి అన్నారు, ఎందరు కాదన్నారు అని అడిగితే మౌనమే సమాధానం. ఈ మౌనమే ఈ వ్యాసానికి ప్రేరణ. విషపాత్ర దృశ్యం ‘అపాలజీ’లో లేదు, అది ప్లేటో మరో రచన ‘ఫీడో’లోనిది. ‘అపాలజీ’లో ఉన్నది విచారణ. క్రీ.పూ. 399లో డెబ్బై ఏళ్ల వృద్ధుడు సుమారు 500 మంది పౌరుల ఎదుట మాట్లాడాడు. ముప్పై ఓట్లు అటు నుంచి ఇటు మారి ఉంటే నిర్దోషిగా ఇంటికి వెళ్లేవాడు. అంత స్వల్పమైన తేడాతో తేలిన తీర్పును ముందే నిశ్చయమైన బలిదానంగా చూపడం చరిత్రకూ నాటకానికీ అన్యాయమే.

2. ఏకపాత్ర స్వభావం:
‘అపాలజీ’ని ఏకపాత్రగా మార్చవలసిన పని పెద్దగా లేదు. అభియోక్త మెలీటస్‌తో సాగే కొద్దిపాటి ప్రశ్నోత్తరాలు తప్ప రచనంతా ఒకే గొంతు. గ్రీకు నటుడు యానిస్ సిమోనిడీస్ ‘సోక్రటీస్ నౌ’ పేరుతో దీనిని ఒంటరిగా ప్రదర్శించి, చివర ప్రేక్షకులతో చర్చ జరపడం ఇటీవలి కాలపు ఉదాహరణ.

ఒక్కరే పలుపాత్రలను పలికించడం మనకు కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) పరిపుష్టం చేసిన హరికథలో కథకుడు ఒక్కడే రాజు, దాసి, సభ అన్నీ అవుతాడు. అంతకన్నా దగ్గరిది దశరూపకాలలోని భాణం. ఏకాంకమైన ఈ రూపకంలో ఒకే పాత్ర, కనబడని వ్యక్తి మాటను తానే విన్నట్లు నటించి, దానిని తిరిగి చెప్పి బదులిస్తుంది. దీనినే ఆకాశభాషితం అన్నారు. మెలీటస్ ఘట్టానికి ఇంతకు మించిన సాధనం అక్కరలేదు. గొంతు మార్చి మెలీటస్‌ను అనుకరించే నటుడు అతణ్ణి హాస్యగాడిగా మారుస్తాడు. ఆకాశభాషితంలో మెలీటస్ మౌనం కూడా సభకు వినిపిస్తుంది. బదులు చెప్పమని చట్టమే ఆదేశిస్తోందని సోక్రటీసు అతడికి గుర్తుచేసే చోట ఆ మౌనమే నాటకం.

అయితే మన పోటీ వేదికల మీద ఏకపాత్రాభినయమంటే ఎక్కువగా పౌరాణిక వీరుడి గర్జన. మయసభలో దుర్యోధనుడి ఏకపాత్ర ఇందుకు పరిచితమైన నమూనా. ఆ పాత్ర తన అవమానాన్ని తనకే చెప్పుకుంటుంది. ఎదుటివారు వింటే చాలు. సోక్రటీసుకు ఎదుటివారు వింటే చాలదు, వారు నిర్ణయించాలి. అల్లరి చేయవద్దని ఆయన సభను పలుమార్లు కోరతాడు. అంటే రచనలోనే సభ కలకలం ఇమిడి ఉంది. పూర్తి నిశ్శబ్దంలో చప్పట్ల కోసం సాగే అభినయం ఈ పొరను కోల్పోతుంది.

3. సంబోధనలోని మర్మం:
అనువాదకుడు మొదట తేల్చుకోవలసినది సంబోధన. విచారణ పొడవునా సోక్రటీసు సభను ప్రధానంగా ‘ఏథెన్స్ పౌరులారా’ అనే సంబోధిస్తాడు. మరణశిక్ష ఖరారయ్యాక, తనను నిర్దోషి అన్నవారివైపు తిరిగి, మిమ్మల్ని న్యాయమూర్తులని పిలవడం తగును అంటాడు. అప్పటివరకు ఆ మాటను ఎందుకు దాచాడో అప్పుడు తెలుస్తుంది. సినిమా న్యాయస్థానాలకు అలవాటుపడిన మన చెవికి తొలి వాక్యంలోనే ‘న్యాయమూర్తులారా’ అనడం సహజంగా తోస్తుంది. ఆ ఒక్క పదంతో మూలంలోని అతిపెద్ద మలుపు మాయమవుతుంది.

దీనికి చారిత్రక కారణం ఉంది. జ్యూరీ విధానం మన దేశంలో 1973 నేర విచారణ ప్రక్రియా స్మృతి నాటికి దాదాపు కనుమరుగైంది. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలకు వెళ్లినవారి మనసులో ఉండే చిత్రం ఎత్తైన పీఠం, ఒక న్యాయమూర్తి, ఇరువైపులా న్యాయవాదులు. ఏథెన్స్‌లో ఎత్తైన పీఠం మీద తీర్పరి లేడు, వృత్తి న్యాయవాది లేడు. నీటి గడియారం మాత్రం ఉంది. చీటీతో ఎంపికైన సామాన్యులే తీర్పరులు. కాబట్టి వేదికపై బోను, సుత్తి అక్కరలేదు. నటుడు ప్రేక్షకుల కళ్లలోకి చూస్తే చాలు. శిక్ష ఖరారయ్యాక సభను రెండుగా చీల్చి, ఒక భాగానికి మాత్రమే ‘న్యాయమూర్తులు’ అన్న గౌరవం ఇస్తే, తాను ఏ వైపున కూర్చున్నానో ప్రతి ప్రేక్షకుడూ ఆలోచించుకోక తప్పదు.

4. భాష, స్థలం:
న్యాయస్థానపు భాష తనకు పరాయిదని, అంగడిలో వడ్డీవ్యాపారుల బల్లల దగ్గర మాట్లాడే తీరులోనే మాట్లాడతానని సోక్రటీసు మొదట్లోనే చెబుతాడు. దీర్ఘసమాసాల తెలుగులో ఈ మాట చెప్పిస్తే నటుడి నోరే పాత్రను ఖండిస్తుంది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నంతకాలం అక్కడ వినిపించిన బేరం తెలుగు, ఉర్దూ మాటలు కలగలిసిన తెలంగాణ పలుకుబడి, ఈ పాత్రకు గ్రాంథికం కన్నా దగ్గరిది.

స్థలం మరొక అర్థాన్ని కూడా ఇస్తుంది. యువతను చెడగొట్టాడన్నది అభియోగాలలో ఒకటి. తాను ఎవరికీ గురువును కానని, ఎన్నడూ రుసుము తీసుకోలేదని, తన పేదరికమే సాక్షి అని ఆయన వాదన. పారోస్ నుంచి వచ్చిన ఇవీనస్ అనే బోధకుడి రుసుము ఐదు మినాలని వ్యంగ్యంగా ప్రస్తావిస్తాడు. తర్వాత జరిమానాగా తన స్తోమతకు తగినట్లు ప్రతిపాదించినది ఒక్క మినా. స్నేహితుల పూచీతోనే అది ముప్పై మినాలైంది. శిక్షణ సంస్థల బోర్డుల నడుమ, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువత నిండిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ లెక్కకు వ్యాఖ్యానం అవసరం లేదు. తన స్తోమతకు తగిన జరిమానాకు ఐదింతలు ఒక బోధకుడి రుసుము అని తెలిసిన ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వు ఆగిన చోట విచారణ అతడిదవుతుంది.

5. అనుసరణ, పరిమితి:
అనుసరణ కాలానికి తగిన అర్థం తేగలదనడానికి గాంధీజీ నిదర్శనం. 1908లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ‘అపాలజీ’ సారాన్ని గుజరాతీలో ధారావాహికగా రాసి, సోక్రటీసును సత్యవీరుడన్నారు. 1910లో ఆ పుస్తకాన్ని బొంబాయి ప్రభుత్వం నిషేధించింది. వలస పాలనలో ‘వీరుడు’ అనే మాట అవసరమైనది, సాహసోపేతమైనది. నేటి వేదికపై అదే మాట సుఖమైన ఆశ్రయంగా మారే ప్రమాదం ఉంది. వీరుణ్ణి కీర్తించేవాడు తననెన్నడూ అతణ్ణి చంపినవారిలో లెక్కించుకోడు.

అందుకే ఏథెన్స్ పౌరుల పక్షం కూడా వేదికపై వినబడాలి. క్రీ.పూ. 404లో యుద్ధంలో ఓడిన నగరం, వెంటనే ముప్పైమంది నియంతల పాలన చూసింది. వారిలో ముఖ్యుడైన క్రిటియస్ ఒకప్పుడు సోక్రటీసు సాంగత్యంలో ఉన్నవాడు. అదే నియంతలు సలామిస్ వాసి లియాన్‌ను పట్టి తెమ్మని ఆదేశిస్తే సోక్రటీసు ఇంటికి వెళ్లిపోయాడు. ఆజ్ఞను పాటించలేదు. కానీ లియాన్‌ను కాపాడనూ లేదు. ఈ ఘట్టాన్ని కత్తిరించిన ప్రతి సులభమవుతుంది, పలచబడుతుంది. శిక్షకు బదులుగా నగరం తనకు సత్కార భోజనం పెట్టాలనడం సభను రెచ్చగొట్టే మాటే. అక్కడ ప్రేక్షకుడికి కొంత కోపం రావాలి.

6. ముగింపు:
సోక్రటీసు ఏకపాత్రకు విషపాత్ర అక్కరలేదు. చావుకు నేను, బతుకుకు మీరు వెళుతున్నాం, ఏది మేలో దేవుడికే ఎరుక అన్న భావంతో మూలం ముగుస్తుంది. అక్కడే దీపాలు ఆరితే ప్రేక్షకుడు తన తీర్పును వెంట తీసుకొని బయటకు నడుస్తాడు. కన్నీళ్లతో ముగిస్తే దానిని కుర్చీలోనే వదిలి వెళతాడు. భాణం నుంచి ఆకాశభాషితాన్ని, హరికథ నుంచి సభను కలుపుకొనే నేర్పును, అంగడి నుంచి భాషను స్వీకరించగలిగితే, తెలుగు ఏకపాత్ర గర్జన నుంచి ప్రశ్న వైపు మళ్లుతుంది. నాటక విభాగాల పరిశోధకులూ కళాశాల వేదికల నిర్వాహకులూ ఈ దిశగా ప్రయత్నించవలసిన అవసరం ఉంది.