చేతికందే బీజగణితం

అదొక చిన్న చెక్కపెట్టె. మూత తీసి, పక్కనున్న రెండు తలుపులు తెరిస్తే లోపల ఎనిమిది చెక్కముక్కలు రెండు అంతస్తులుగా, అంతస్తుకు నాలుగు చొప్పున, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. పెద్ద ఎర్ర ఘనం ఒకటి, చిన్న నీలం ఘనం ఒకటి. మిగిలిన ఆరు దీర్ఘఘనాలు: మూడింటికి ఎరుపు, నలుపు ముఖాలు, మరో మూడింటికి నీలం, నలుపు ముఖాలు. నాలుగేళ్ల పిల్ల వాటిని ఒక్కొక్కటే తీసి చాప మీద పరుస్తుంది. తర్వాత మళ్లీ పెట్టెలో పేర్చుతుంది. రూలు ఒక్కటే. ఎరుపు ముఖానికి ఎరుపే ఆనాలి, నీలానికి నీలం, నలుపుకి నలుపు.

ఇప్పుడు కాస్త వంగి చూడండి. కింది అంతస్తు పూర్తయ్యాక పైనుంచి చూస్తే ఒక పెద్ద ఎర్ర చదరం, ఒక చిన్న నీలం చదరం, వాటి మధ్య రెండు నల్ల దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. పై అంతస్తు పేర్చాక చూస్తే మళ్లీ అదే బొమ్మ. మూత మీద రంగు వేసి ఉన్నదీ అదే. పిల్లకి దారి చూపడానికి ఇంకే మాటా అక్కర్లేదు. ఒక్క ముక్క తప్పు చోట పెట్టినా రంగులు కలవవు, తలుపు మూసుకోదు.

ఆ పిల్లే హైస్కూలుకొచ్చాక నల్లబల్ల మీద ‘ఎ ప్లస్ బి హోల్ క్యూబ్’ చూస్తుంది. ఎ క్యూబ్ అంటే ఆ ఎర్ర ఘనం. బి క్యూబ్ ఆ నీలం ఘనం. ‘త్రీ ఎ స్క్వేర్ బి’లో మూడు ఎందుకొచ్చిందో మనలో చాలామంది బట్టీ పట్టాం తప్ప చూసి ఎరగం. ఈ పిల్ల మాత్రం ఆ మూడు ఎర్ర నల్ల ముక్కల్నీ చేత్తో ఎత్తి పెట్టింది. ఈ పెట్టెని ద్విపద ఘనం అంటారు. దీని అక్క త్రిపద ఘనంలో ఇరవైయేడు ముక్కలుంటాయి. మరియా మాంటిస్సోరి తరగతిలో ఈ రెండూ లెక్కల అరలో ఉండవు. కన్నూ చేయీ పదునెక్కించే వస్తువుల అరలో ఉంటాయి. నాలుగేళ్లప్పుడు ఎవరూ బీజగణితం మాటెత్తరు. ఆ ఓర్పే నాకు ఈ పనితనంలో అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

మాంటిస్సోరి చదువు చెప్పడానికి పుట్టిన మనిషి కాదు. 1870లో ఇటలీలో పుట్టి, 1896లో రోమ్‌లో వైద్యపట్టా తీసుకుని, మానసిక వైకల్యం ఉన్న పిల్లలతో పని మొదలుపెట్టిన డాక్టరు. ఫ్రాన్సులో ఇటార్, సెగాన్ అనే ఇద్దరు వైద్యులు అలాంటి పిల్లల కోసమే తయారుచేసిన సామగ్రి గురించి చదివి, దాన్ని చేయించి, పిల్లల చేతుల్లో పెట్టి చూసింది. ఆ పిల్లలు నేర్చుకున్న తీరు చూశాక ఆమెకు ఎదురు ప్రశ్న పుట్టింది: మరి మామూలు పిల్లలు బడుల్లో ఎందుకు అంత నీరసంగా ఉన్నారు? 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, ఒక అద్దె ఇళ్ల భవనంలో తెరిచిన ‘పిల్లల ఇల్లు’ ఆమెకు ఆ ప్రశ్నకు జవాబు వెతికే చోటైంది. వస్తువుల్ని చేయించడం, పిల్లలు దేన్ని ముట్టుకుంటున్నారో దేన్ని వదిలేస్తున్నారో చూడటం, వదిలేసినవాటిని తీసెయ్యడం. ఇవాళ మనం చూసే సామగ్రి అలా వడబోతలో మిగిలింది.

అందులో ఉన్న లెక్క ఎంత ఒద్దికగా ఉంటుందో మూడు వస్తువులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. గులాబీ గోపురంలో పది ఘనాలు. అన్నిటికంటే చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. ఒక్కో మెట్టుకీ ఒక్కో సెంటీమీటరు పెరుగుతుంది, కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి గనుక పెద్ద ఘనం చిన్నదానికి వెయ్యి రెట్లు. పిల్ల చిన్నదాన్ని రెండు వేళ్లతో గిల్లినట్టు ఎత్తుతుంది, పెద్దదానికి రెండు చేతులూ కావాలి. రెండోది గోధుమరంగు మెట్లు. అక్కడ పొడవు అన్నిటికీ ఇరవై సెంటీమీటర్లే, లావు మాత్రం మారుతుంది. మూడోది ఎర్ర కడ్డీలు. లావు మారదు, పొడవొక్కటే పది సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పోతుంది. అంటే మొదటిదానిలో మూడు కొలతలు, రెండోదానిలో రెండు, మూడోదానిలో ఒకటి. రంగు మాత్రం ఒక్కో వస్తువుకి ఒక్కటే. రంగు మారితే పిల్ల రంగుని పట్టుకుని వెళ్లిపోతుంది, సైజుని చూడదు. నేర్పాల్సింది ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ కదలకుండా ఉండాలి. ఈ మూడు వస్తువుల్లో ఆ నియమం ఎక్కడా సడలదు.

మీటరు కడ్డీని అటూ ఇటూ కొసలు పట్టుకుని నడవాలంటే మూడేళ్లవాడు రెండు చేతులూ బార్లా చాపాల్సిందే. మీటరంటే ఏమిటో వాడి భుజాలకు తెలిసిపోతుంది. తర్వాత అవే కొలతల కడ్డీలు పది సెంటీమీటర్లకో పట్టీ చొప్పున ఎరుపు, నీలం రంగులతో మళ్లీ వస్తాయి. అప్పుడవి ఒకటి నుంచి పది దాకా అంకెలు.

గూటాల పలకల సంగతి వేరు. నాలుగు పలకలు, పలకకు పది గుంటలు, పది గూటాలు. ఒక పలకలో లావొక్కటే మారుతుంది, ఒకదానిలో ఎత్తొక్కటే, ఒకదానిలో రెండూ కలిసి తగ్గుతాయి, ఇంకోదానిలో లావు తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. తప్పు గుంటలో ఒక గూటం పెట్టేస్తే ఏం కాదు, పని సాగుతూనే ఉంటుంది. చివరికి ఒకటి పట్టకుండా మిగిలిపోతుంది, లేదా గుంటలోంచి పొడుచుకొస్తుంది. అప్పుడు పిల్లవాడే వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు. టీచరు ‘తప్పురా’ అనదు. చెప్పాల్సింది చెక్కే చెప్పింది. గూటం తల మీదున్న చిన్న పిడిని చూడండి. దాన్ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి తప్ప పట్టుకోలేం. పెన్సిలు పట్టే పట్టు అదే. పలకాబలపం ముట్టకముందే వేళ్లకు ఆ అలవాటు అబ్బుతుంది.

ఇక అక్షరాలు. నున్నటి పలక మీద శాండ్‌పేపర్‌లోంచి కోసి అతికించిన అక్షరం. పిల్ల రెండు వేళ్లతో, రాసే దిశలోనే, దాని మీద నిమురుతుంది. నిమురుతూ ఆ ధ్వని పలుకుతుంది. కంటికి ఆకారం, వేలికి నడక, చెవికి శబ్దం మూడూ ఒకే క్షణంలో అందుతాయి. మన వీధిబడుల్లో ఇసుకలో ఓనమాలు దిద్దించిన పంతుళ్లకు ఇందులో సగం తెలుసు. తేడా ఎక్కడంటే, ఇసుకలో వేలు పక్కకు పోయినా ఇసుక ఊరుకుంటుంది. ఇక్కడ వేలు గీత దాటగానే గరుకు పోయి నునుపు తగులుతుంది. తెలుగు అక్షరాలకు ఈ పద్ధతి మరీ నప్పుతుంది. మనవి ఎక్కువగా గుండ్రాలు. ‘వ’కీ ‘మ’కీ, ‘ప’కీ ‘ష’కీ తేడా కంటికి చప్పున ఆనదు, ‘మ’ దగ్గర చివర పైకి లేచి తిరిగే ఆ మెలిక వేలికి మాత్రం తెలియకపోదు. పైగా ఇంగ్లీషు పిల్లలకున్న తంటా మన పిల్లలకు లేదు. వాళ్ల అక్షరం పేరు వేరు, పలుకు వేరు. మన ‘క’ పేరూ ‘క’నే, పలుకూ ‘క’నే.

పేరు నేర్పే తీరు కూడా ఒక పనిముట్టంత కచ్చితంగా ఉంటుంది. సెగాన్ నుంచి తీసుకున్న మూడు మెట్ల పాఠం అది. టీచరు పక్కన కూర్చుని పిల్ల వేలు పట్టుకుని తడిమిస్తుంది: ‘ఇది గరుకు. ఇది నునుపు.’ కాసేపాగి: ‘గరుకు ఏదమ్మా? నునుపేది?’ ఈ రెండో మెట్టు మీదే ఎక్కువ సేపు, ఆటలాగా. ఆ తర్వాతే మూడోది: ‘ఇదేమిటి?’ రెండో మెట్టులో పిల్ల తడబడితే టీచరు సరిదిద్దదు, ఇంకో పది సార్లు చెప్పించదు. నవ్వుతూ వస్తువు లోపల పెట్టేసి మరో రోజు వస్తుంది. మన ఇళ్లలో జరిగేది తలకిందులు. మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాం, అదీ చుట్టాల ముందు.

ఇప్పుడు ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న మాటకొద్దాం. మీవాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా? ఒక ప్రశ్నపత్రం నింపించి, పిల్లవాడికి ఒక ముద్ర వేసి, ఆ ముద్రకు తగ్గ చదువు పద్ధతి చేతికిచ్చే వ్యాపారం జోరుగా సాగుతోంది. దానికి తోడు హోవార్డ్ గార్డ్‌నర్ పేరూ వాడేస్తారు. ఆయన 1983లో ‘ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్’లో తెలివి ఒకటి కాదు ఏడు అన్నాడు: భాష, తర్కం, సంగీతం, స్థలం, శరీరం, ఇతరుల్ని గ్రహించడం, తన్ను తాను గ్రహించడం. తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని ఎనిమిదోదిగా చేర్చాడు. కానీ బహుళ ప్రజ్ఞలూ అభ్యసన శైలులూ ఒకటి కావని ఆయనే స్పష్టంగా చెప్పాడు. ఆ మాట వ్యాపారుల చెవికెక్కలేదు.

శైలుల సంగతి తేల్చడానికి 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. వాళ్లు పెట్టిన గీటురాయి సూటిగా ఉంది. పిల్లల్ని శైలిని బట్టి విడదీయాలి, ఏ పద్ధతిలో ఎవరు చదవాలో లాటరీలా పంచాలి, చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి; చూసే రకానికి చూపే పద్ధతి, వినే రకానికి వినిపించే పద్ధతి మేలు చేసినట్టు తేలాలి. అలా పరీక్షించిన పరిశోధనలే అతి తక్కువ, వాటిలోనూ కొన్ని ఎదురు ఫలితాలే ఇచ్చాయి. శైలుల ప్రకారం పాఠాలు చెప్పడాన్ని సమర్థించేంత ఆధారం లేదని వాళ్లు తేల్చారు. పిల్లలందరూ ఒకటేనని దీని అర్థం కాదు. ఒకడికి ముందే కొంత తెలుసు, ఇంకొకడికి తెలియదు. ఒకడు నిదానం, ఒకడు తొందర. ఆ తేడాలు నిజం. ముద్రలు మాత్రం నిజం కావు.

మాంటిస్సోరి సామగ్రి నాకు ఇక్కడే గొప్పగా కనిపిస్తుంది. అది పిల్లని వర్గీకరించదు, విషయాన్ని చూసి దారి ఎంచుకుంటుంది. బరువు తెలియాలంటే కన్ను పనికిరాదు. అందుకే మూడు రకాల చెక్కలతో చేసిన బరువు పలకలు చేతికే ఇస్తారు, కళ్లు మూసుకుని తూచమంటారు. శబ్దానికి ఎర్ర మూతలవి ఆరు, నీలం మూతలవి ఆరు డబ్బాలు, ఊపి విని జత కలపాలి. రంగుకి తొమ్మిది రంగులు, రంగుకు ఏడు ఛాయలు, మొత్తం అరవైమూడు పలకలు. అక్కడ చెవికి పనేమీ లేదు. దశాంశ స్థానాలకు బంగారురంగు పూసలు: విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. ‘వెయ్యి తీసుకురా’ అంటే పిల్ల వెయ్యి పూసల ఘనాన్ని మోసుకుని రావాల్సిందే. బరువు తెలియని వెయ్యికీ, బరువు తెలిసిన వెయ్యికీ తేడా లేదని ఏ లెక్కల మాస్టారూ అనరు. ఎంతసేపు చేయాలి, ఎప్పుడు ఆపాలి, ఎన్నిసార్లు చేయాలి అన్నది పిల్ల ఇష్టం. నిజమైన తేడాలు అక్కడ తమంతట తామే సర్దుకుంటాయి. 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన అమెరికాలోని మిల్వాకీలో మాంటిస్సోరి బడిలో లాటరీ ద్వారా సీటు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ పోల్చింది. ఐదేళ్లవాళ్లలో మాంటిస్సోరి పిల్లలు చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. ఒక్క బడిని చూసిన పరిశోధనే, కానీ సీటు లాటరీ మీద వచ్చింది గనుక దాన్ని తోసిపారేయలేం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊహలతో ఆడుకునే ఆటకు, కథలకు ఈ తరగతిలో చోటు తక్కువన్న విమర్శ పాతదే, అందులో నిజముంది. సామగ్రి ఖరీదు ఇంకోటి. కొలత తప్పి కోసిన గూటం తప్పు గుంటలోనూ దూరుతుంది, అప్పుడు తప్పు చెప్పేవాడు ఎవడూ ఉండడు. చవకరకం సెట్టు కొనడం అంటే ఆ టీచరుని తీసేయడమే.

మాంటిస్సోరి మన గడప దాకా వచ్చిన మనిషి కూడా. 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం పిలుపుతో మద్రాసు అడయారు వచ్చింది. యుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో 1940లో ఆమె కొడుకు మారియోని బ్రిటిషువాళ్లు నిర్బంధించారు, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకి వదిలారు. కొడైకెనాల్‌లో కొన్నేళ్లుండి, 1946 దాకా దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే భావనగర్‌లో గిజుభాయి అనే ఉపాధ్యాయుడు ఆమె పద్ధతిని అందుకున్నాడు. ఆయన రాసిన ‘పగటి కల’ చదివినవాళ్లకు ఆయన్ని పరిచయం చేయనక్కర్లేదు.

ఇవాళ మన పట్టణాల్లో వీధికొక బోర్డు మీద ఆమె పేరుంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పిల్లని చేర్చేముందు బోర్డు చదవకండి, ఫీజు కాగితం తర్వాత అడగండి. ముందు తరగతిలోకి వెళ్లి అరలు చూడండి. మూడేళ్ల చేతికి అందే ఎత్తులో, అంచులు అరిగిన గూటాలు, వేళ్లకు నలిగిన అక్షరాలు ఉంటే అక్కడ చేర్చండి. అవే వస్తువులు అద్దాల బీరువాలో తళతళలాడుతూ తాళంలో ఉంటే ఇంకో బడి చూసుకోండి.