టైరు నుంచి బుష్ దాకా

2007 మార్చిలో చెన్నై శివార్లలోని మహీంద్రా వరల్డ్ సిటీలో బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ ముందుగా తయారైన కారు త్రీ సిరీస్. కంపెనీ లోపలి లెక్కలో దాని పేరు ఈ90. అప్పట్లో డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ, సాఫ్ట్‌వేర్ కంపెనీల పెద్దలూ కొన్న ఆ బండ్లు రెండు మూడు చేతులు మారి, ఇప్పుడు కొత్త చిన్న కారు ధరకన్నా తక్కువకే కుర్రాళ్లకు దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో వీటిని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. కొనడం తేలిక. ఇంజనీర్లు మొదట అనుకున్నట్టు నడిచేలా దాన్ని నిలబెట్టుకోవడమే అసలు విద్య. ఆ విద్యలో చాలా భాగం టైర్ల ఎంపికలోనూ, విడిభాగాల ఎంపికలోనూ ఉంది.

వేగం ఒక్కటే లెక్కయితే ఈ రోజు చాలా ఎస్‌యూవీలు ఈ కారును దాటిపోతాయి. దీని గొప్పతనం పొందికలో ఉంది. ఇంజన్ ముందు, శక్తి వెనక చక్రాలకు, బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. ముందు చక్రాలకు బండిని తిప్పే పని, ఆపే పని ఉన్నాయిగానీ లాగే పని లేదు. అందుకే మలుపు మధ్యలో రోడ్డు పట్టు ఎంత మిగిలి ఉందో హైడ్రాలిక్ స్టీరింగ్ చేతికి చెప్పేస్తుంది. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో దీన్ని తోలినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఆ కబురు టైరు దగ్గర బయల్దేరి బాల్ జాయింటు, ఆర్మ్, బుష్, స్టీరింగ్ ర్యాక్ దాటుకుని చేతికి చేరుతుంది. వీణలో ఒక్క తీగ శ్రుతి తప్పితే పాటంతా చెడినట్టే, దారిలో ఒక్కటి వదులైనా మిగతావి ఎంత కొత్తవైనా ఫలం ఉండదు. ఏ భాగం కొనేటప్పుడైనా ముందు అడగాల్సింది ఇదే: ఆ కబురు చేతికి చేరుతుందా? ధర, మెరుపు ఆ తర్వాతి సంగతి.

టైరుతో మొదలుపెడదాం. ఈ90కి ఎక్కువగా మూడు కొలతలు కనిపిస్తాయి. 16 అంగుళాల రిమ్ముకు 205/55, 17 అంగుళాలకు 225/45, 18 అంగుళాల స్పోర్ట్ రిమ్ములకు ముందు 225/40, వెనక 255/35. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది సైడ్‌వాల్ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. లెక్క వేసి చూడండి. 16 అంగుళాల టైరుకు సైడ్‌వాల్ 113 మి.మీ. వస్తుంది, 18 అంగుళాల దానికి 90 మాత్రమే. చక్రం మొత్తం ఎత్తు మాత్రం అన్నింటిలోనూ 632 నుంచి 637 మి.మీ. లోపే. రిమ్ము పెద్దదయ్యేకొద్దీ తగ్గిపోయేది గుంతలో దెబ్బ ఓర్చుకునే రబ్బరే. షోరూమ్ ఫొటోలో 18 అంగుళాల రిమ్ము అందంగానే ఉంటుంది. వానలకు కోసుకుపోయిన మన రోడ్డు మీద అదే రిమ్ము వంగుతుంది, టైరు పక్కన బుడగ లేస్తుంది. రోజూ తిరిగే బండికి నా ఓటు 16కే, మహా అయితే 17కి.

16కు ఇంకో సౌకర్యం ఉంది. 205/55 ఆర్16 అంటే స్కోడా ఆక్టేవియా, టయోటా కరోలా ఆల్టిస్ లాంటి కార్లకూ వాడిన కొలత. మామూలు టైర్ల షాపులో అడిగితే నాలుగైదు కంపెనీలవి చూపిస్తారు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చాక ఈ తేడా బాగా తెలిసొచ్చింది. అరుదైన కొలతలు, విదేశీ రకాలు కావాల్సినవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఇక్కడ తయారయ్యే టైరు వేసుకున్నవాళ్లకు ఆ బాధ లేదు. మన సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది, తిరుపతి జిల్లా చినపండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉంది. అపోలో 2009లో నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టీన్‌ను కొనేసింది, ఇప్పుడు ఆ పేరుతో హుషారైన కార్ల టైర్లు మన దగ్గరా అమ్ముతోంది. దేశీ టైరు అనగానే పెదవి విరిచే అలవాటు ఈ రంగంలో ఇంకా పోలేదు, పోవాలి.

బండి అడుగు రోడ్డుకు తగులుతోందని 205/60 వేయించేవాళ్లున్నారు. దాని ఎత్తు 652 మి.మీ., అంటే మూడు శాతం పెరుగుదల. స్పీడోమీటర్ ఉన్న వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, బండి లాగుడు మందగిస్తుంది, మలుపులో ఒంగడం ఎక్కువవుతుంది. కొలతతోపాటు దాని పక్కనున్న అంకె, అక్షరం కూడా చూసుకోవాలి. 91వి అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు, గంటకు 240 కిలోమీటర్ల వేగానికి సరిపోతుంది. దీనికన్నా తక్కువ రేటింగ్ ఉన్నది చవకగా వస్తుందని తీసుకోకూడదు. బీఎండబ్ల్యూ తన కార్ల కోసం పరీక్షించి ఒప్పుకున్న టైరు మీద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అది ఉంటే మంచిదేగానీ లేనంత మాత్రాన టైరు చెడ్డది కాదు.

ఇక ఈ కారు సొంతదారుల్లో తెగని చర్చ రన్‌ఫ్లాట్ గురించి. ఫ్యాక్టరీ నుంచి ఈ90 రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. గాలి మొత్తం పోయినా గట్టి సైడ్‌వాల్ మీద నిలబడి గంటకు 80 కిలోమీటర్ల లోపు వేగంతో కొంతదూరం పోగలవు. ఆ ధైర్యంతోనే డిక్కీలో మామూలు స్టెప్నీకి చోటు వదల్లేదు. కానీ ఆ గట్టిదనమే మన రోడ్ల మీద ప్రతి గతుకునూ వెన్నుకు చేరవేస్తుంది. మామూలు టైర్లు వేసిన మొదటి రోజే బండి మెత్తబడినట్టు తెలుస్తుంది. రన్‌ఫ్లాట్ రిమ్ము మీద మామూలు టైరు నిక్షేపంగా కూర్చుంటుంది. మార్చేటప్పుడు నాలుగూ మార్చాలి, రెండు రకాలూ కలిపి వాడకూడదు. మార్చాక డిక్కీలో గాలి కొట్టే చిన్న కంప్రెసర్, పంక్చర్ ప్లగ్గుల కిట్ ఉండి తీరాలి. రాత్రిపూట హైవే మీద కుటుంబంతో ఒంటరిగా ఎక్కువ తిరిగేవాళ్లయితే రన్‌ఫ్లాటే ఉంచుకోమంటాను. ఊళ్లో తిరిగే బండికి, ఘాట్‌లో సరదాగా తోలే బండికి మామూలు టైరే మేలు.

టైరు వయసు సైడ్‌వాల్ మీదే అచ్చై ఉంటుంది. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పాత స్పోర్ట్స్ కార్లలో తరచూ కనిపించేది ఇదే: బండి తక్కువ తిరిగింది కాబట్టి గాట్లు నిండుగా ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. గోరుతో నొక్కితే దిగదు, గాట్ల మొదళ్లలో సన్నని పగుళ్లు కనిపిస్తాయి. పొడి రోడ్డు మీద ఆ టైరు లోపం బయటపడదు. తొలకరి జల్లు పడ్డ రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది. అయిదారేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షగా చూడాలి, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయాలి. రెండే కొత్తవి కొనగలిగితే వాటిని వెనక వేయించండి. షాపువాళ్లు ముందు వేయబోతారు, వద్దనండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, వెనక చక్రాలే తోసే కారులో మరీను.

టైర్లు ఎంత మంచివైనా వాటిని పట్టుకున్న రబ్బరు బుష్‌లు పోతే డబ్బు దండగ. ఈ90 ముందు భాగంలో ఒక్కో చక్రానికి కింద రెండు ఆర్మ్‌లు ఉంటాయి. వాటిలో ఏటవాలుగా ఉండే ఆర్మ్ బుష్‌లో ద్రవం నింపి ఉంటుంది, బ్రేకు వేసినప్పటి అదురును మింగడానికి. పదేళ్ల ఎండకు ఆ రబ్బరు చీలి ద్రవం కారిపోతుంది. తెలిసిన మెకానిక్ బండిని లిఫ్ట్ ఎక్కించి, టార్చ్ వేసి, ‘ఇటు చూడండి సార్’ అంటూ బుష్ చుట్టూ నల్లగా తడిసి దుమ్ము అంటుకున్న మరకను చూపిస్తాడు. సన్నటి గడ్డపార పెట్టి కొంచెం ఎత్తితే చీలిక నోరు తెరుస్తుంది. గంటకు 80, 90 వేగంలో బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణకడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇది తెలియక డిస్కులు మార్పించి, బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బుష్ బిగించడంలోనూ ఒక పద్ధతుంది. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే అతుక్కుపోతుంది. బండి కిందికి దిగగానే మెలిపడుతుంది, రోజంతా మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అందుకని బోల్టును వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఈ ఒక్క జాగ్రత్త చాలు, ఏ షెడ్డు ఎలాంటిదో చెప్పేయడానికి.

ఏ కంపెనీ బుష్ కొనాలి? ఇక్కడే ఈ కార్లవాళ్లు తరతరాలుగా నేర్చుకున్న కిటుకుంది. బీఎండబ్ల్యూ తన ఆర్మ్‌లూ బుష్‌లూ అన్నీ తనే తయారు చేసుకోదు. సస్పెన్షన్ భాగాలు లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లు సాక్స్, బ్రేకులు ఏటీఈ, ఫిల్టర్లు మాన్, మాలే లాంటి కంపెనీల నుంచి వస్తాయి. అదే సరుకు ఆ కంపెనీల సొంత డబ్బాలో తక్కువ ధరకు దొరుకుతుంది. లెమ్‌ఫోర్డర్ డబ్బాలోని ఆర్మ్‌ను వెలుతురులో తిప్పి చూస్తే ఒకచోట లోహం గీకేసినట్టు ఉంటుంది. అక్కడ ఉండాల్సిన బీఎండబ్ల్యూ గుర్తును చెరిపేశారన్న మాట. డబ్బా పేరు కన్నా లోపలి సరుకును చేసినవాళ్లెవరో తెలుసుకోవడం ముఖ్యం. ఆర్మ్‌లకు, షాక్‌లకు, బ్రేకులకు ఈ దారే మంచిది. సెన్సర్ల విషయంలో మాత్రం నేను కంపెనీ కౌంటరుకే వెళ్లమంటాను.

కౌంటరులో గానీ బయట గానీ అడగాల్సింది పార్టు పేరు కాదు, నంబరు. బీఎండబ్ల్యూ పార్టు నంబరుకు 11 అంకెలు. మొదటి రెండూ ఆ భాగం ఏ కుటుంబానిదో చెబుతాయి: 11 ఇంజన్, 17 కూలింగ్, 31 ముందు యాక్సిల్, 33 వెనక యాక్సిల్, 34 బ్రేకులు. ఛాసిస్ నంబరులోని చివరి ఏడు అక్షరాలు, అంకెలతో వెతికితే మీ బండి తయారైన నెలకు సరిపోయే నంబరే వస్తుంది. ఒకే మోడల్లో మధ్యలో మారిపోయిన భాగాలు ఎన్నో ఉంటాయి. అమెరికా నుంచి సెలవులకొచ్చే అన్నయ్య సూట్‌కేసులో బుష్‌లూ సెన్సర్లూ తెప్పించుకోవడం మనవాళ్లకు అలవాటే, అక్కడ ధర తక్కువ, నకిలీ భయం తక్కువ. అయితే అక్కడి స్టీరింగ్ ఎడమవైపు. ఏ భాగం ఆ తేడాతో మారుతుందో నంబరు చూసే తెలుసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై పుదుపేటలో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లో పాత, కొత్త సామాన్లు అన్నీ దొరుకుతాయి. డోర్ హ్యాండిల్, అద్దం, సీటు, లైటు లాంటివి పాతవి కొనుక్కోవచ్చు. రబ్బరు ఉన్నదీ, నీళ్లు పారేదీ, బ్రేకుకు సంబంధించినదీ పాతది కొనకూడదు.

నీళ్లు పారేది అంటే ఈ90లో పెట్రోల్ రకమైన 325ఐ గురించి చెప్పాలి. దానిలోని ఎన్52 ఆరు సిలిండర్ల ఇంజన్‌కు కూలెంట్ పంపును బెల్టు తిప్పదు, విద్యుత్ మోటారు తిప్పుతుంది. అది చాలాసార్లు ముందస్తు సూచన లేకుండా ఆగిపోతుంది. ఇంజన్ దిమ్మె మెగ్నీషియం మిశ్రమంతో చేసింది, వేడెక్కితే తట్టుకోదు. ఎర్ర గుర్తు వెలిగితే ‘ఇంటిదాకా పోదాం’ అనుకోకుండా అక్కడే ఆపాలి. వయసైన బండి కొన్నవాళ్లు పంపు, థర్మోస్టాట్ కలిపి ముందే మార్పించుకోవడం తెలివైన పని. పంపు పియర్‌బర్గ్‌ది కొనాలి, దాంతోపాటు కొత్త బోల్టులు కూడా. మెగ్నీషియానికి ఉక్కు తగిలితే తడిలో తుప్పు పుడుతుంది కాబట్టి అక్కడ అల్యూమినియం బోల్టులు వాడారు. బిగించినప్పుడు అవి సాగుతాయి, రెండోసారి పనికిరావు. ‘పాతవి బాగానే ఉన్నాయి కదా’ అనే మేస్త్రికి ఈ మాట నెమ్మదిగా చెప్పి, డబ్బాలోంచి కొత్తవి తీసి చేతికివ్వాలి. 320డి డీజిల్ కొనేవాళ్లు టైమింగ్ చైన్ చప్పుడు వినాలి. చైన్ ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజనో దించాలి.

బ్యాటరీ మార్చాక కంప్యూటర్‌తో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే బండి పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ ఇస్తుంది. పెట్రోల్ ఇంజన్‌కు బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01 అనుమతి రాసి ఉన్న ఆయిల్ పోయాలి. బ్రేకు ద్రవం రెండేళ్లకోసారి మార్చాలి. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకన్నా అరిగితే ప్యాడ్‌లతోపాటు డిస్కులూ కొత్తవే.

డబ్బు ఒకేసారి లేనివాళ్లకు నేను చెప్పే వరుస ఇది: ముందు కూలింగ్, ఆ తర్వాత బ్రేకులు, ముందు చక్రాల ఆర్మ్‌లూ బుష్‌లూ, షాక్‌లు జతగా, ఆఖరున టైర్లు. ఉన్న టైర్లు గట్టిపడిపోతే మాత్రం అవే మొదట. మామూలుగా టైర్లు ఆఖరున ఎందుకంటే, అరిగిన బుష్‌ల మీద కొత్త టైర్లు వేస్తే కొద్ది నెలల్లోనే లోపలి అంచు గుండైపోతుంది.

అన్నీ అయ్యాక అలైన్‌మెంట్. బీఎండబ్ల్యూ పద్ధతిలో ముందు సీట్ల మీద చెరో 68 కిలోలు, వెనక సీటు మధ్యలో 68 కిలోలు, డిక్కీలో కొంచెం బరువు పెట్టి, ట్యాంకు నింపి కోణాలు కొలుస్తారు, మనుషులు ఎక్కాక బండి ఎలా కూర్చుంటుందో అలా. చాలా షాపుల్లో ఈ మాట వినగానే వింతగా చూస్తారు. అడగండి, ఇసుక బస్తాలు మీరే తీసుకెళ్లండి. ముందు చక్రాలతోపాటు వెనక వాటి కోణాలూ సరిచేయమనండి, ఈ కారులో వాటికీ సర్దుబాటు ఉంది. సరిచేయకముందు కొలతలు, సరిచేశాక కొలతలు ఉన్న ప్రింటు తీసుకుని బిల్లులతోపాటు ఫైలులో పెట్టుకోండి. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే చీటీలో ఉన్నంత గాలిని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించి, డాష్‌బోర్డులో టైరు హెచ్చరికను రీసెట్ చేసి బయల్దేరండి.