పులుసుకి కావలసింది పొగా, సెగా?

‘కట్టెల పొయ్యి మీద వండింది’ అని బోర్డు మీద రాస్తే చాలు, నెల్లూరు చేపల పులుసుకి గిరాకీ పెరుగుతుంది. ఆ రుచి పొగ వల్లే వస్తుందని తినేవాళ్ల నమ్మకం. మూత పెట్టిన దాకలోకి దూరే పొగ ఎంత? దూరినా చింతపండు, మెంతుల ముందు నిలిచేది ఎంత? టెక్సస్‌లో గొడ్డు రొమ్ము మాంసాన్ని స్మోకర్‌లో 110–120 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పది పన్నెండు గంటలు ఉంచుతారు. అక్కడ మాంసం పొగలోనే ఉంటుంది కనుక పొగకి నిజంగానే పని ఉంది. మన దాక సంగతి వేరు.

చేప కండ 60 డిగ్రీలకల్లా ఉడికిపోతుంది. తెర్లే పులుసు వేడి 100 డిగ్రీలు. ఈ తేడాని సంభాళించడమే చేపల పులుసులో అసలు పనితనం. అందుకే ముందు పులుసుని పెద్ద మంట మీద మరగబెట్టి, నూనె తేలాక ముక్కలు వేసి, ఒక్క పొంగు రాగానే కట్టెలు బయటికి లాగేస్తారు. స్మోకర్‌లో గాలి కంతలు మూసి చేసే పనిని ఇక్కడ చేత్తో చేస్తారన్నమాట. ఇక గరిటె ముట్టరు. గుడ్డతో దాక అంచులు పట్టి మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, ముక్క విరక్కుండా. మట్టి దాక వేడిని ఒక పట్టాన వదలదు. దించాక కూడా పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. ముక్క పూర్తిగా ఉడికిందని తేలాక దించితే అప్పటికే ఆలస్యమైనట్టు.

గ్యాస్ మీద ఆ రుచి రాదనే పెద్దవాళ్లు అబద్ధమాడటం లేదు. తేడా ఉన్నమాట నిజం, కారణం మాత్రం పొగ కాదు. రాత్రి వండిన పులుసు తెల్లారి తింటే ఇంకా బాగుంటుందని చెప్పేదీ వాళ్లే. రాత్రంతా పొయ్యిలో పిల్లి పడుకున్నా ముక్కకి ఉప్పూ పులుపూ పట్టాయి కదా! కట్టెల పొయ్యి ముందు మనిషి కూర్చోక తప్పదు. గ్యాస్ వెలిగించి సీరియల్ చూడబోవచ్చు. నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది. 1999లో గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకంతో ఎన్నో ఇళ్ల ఆడవాళ్లకు పొగ దగ్గు తప్పింది. రుచి పేరు చెప్పి వాళ్లని మళ్లీ గొట్టంతో పొయ్యి ఊదమనడం అన్యాయం, అనవసరం కూడా. మట్టి దాకని సన్నని మంట మీద నెమ్మదిగా వేడెక్కించి, తర్వాత మంట పెంచి, పులుసు మరిగి ముక్కలు పడ్డాక మళ్లీ మంట తగ్గించి, కాస్త ముందుగానే కట్టేసి మూత ఉంచితే సరిపోతుంది. వంజరం గట్టి చేప, నిమిషం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. బొమ్మిడాయిలు ఓర్చుకోవు.